కొండగుండుకో శాలువా

ఫిల్మ్‌నగర్‌లో శాలువాలకు కరువు లేదు. ఆదివారం సాయంత్రమైతే చాలు, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి సన్మానం జరుగుతూనే ఉంటుంది. వేదిక మీద కుర్చీలు చాలక కింద వరసలోవి పైకి ఎక్కిస్తారు. జ్యోతి వెలిగించబోతే ఏసీ గాలికి వత్తి అంటుకోదు. నలుగురు పెద్దలు నాలుగు అరచేతులు అడ్డం పెడతారు. సన్మానపత్రం చదివే ఆయన గొంతు సవరించుకుని 'వారి గురించి నాలుగు మాటలు చెప్పాలంటే...' అంటూ మొదలుపెట్టి, వారితో తనకున్న పరిచయం గురించి నలభై మాటలు చెబుతాడు. కప్పిన శాలువా ఫొటో తీసేలోపే జారిపోతుంది. 'మరోసారి కప్పండి సార్' అంటాడు ఫొటోగ్రాఫర్. మళ్లీ కప్పుతారు. మళ్లీ చప్పట్లు!

నవ్వుకోవడానికి ఇందులో ఎంతుందో, మెచ్చుకోవడానికీ అంతే ఉంది. తెరమీద కనిపించినవాడిని లోకమంతా గుర్తుపెట్టుకుంటుంది. తెర వెనక లైటు పట్టినవాడిని, రంగు పూసినవాడిని, రాత్రంతా కూర్చుని రీళ్లు అతికించినవాడిని గుర్తుపెట్టుకోవలసింది తోటివాళ్లే. అలాంటి ఒక ముసలాయన్ని వెతికి పట్టుకుని, కారు పంపి రప్పించి, నలుగురి ముందు కూర్చోబెట్టి 'మీరు మా పెద్దవారు' అనడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క సాయంత్రం కోసం పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కున్న మనిషికి ఆ శాలువా విలువ మనకన్నా బాగా తెలుసు.

తెలుగు సినిమా తన పెద్దలను తలుచుకోవడానికి దారులు చాలానే వేసుకుంది. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య పేరిట రాష్ట్ర ప్రభుత్వం అవార్డు పెడితే, 1980లో దాన్ని తొలిసారి అందుకున్నది ఎల్.వి.ప్రసాద్. అక్కినేని పేరిట నెలకొల్పిన జాతీయ పురస్కారం తొలిసారి దేవానంద్‌కు దక్కింది. 2023 సెప్టెంబరు 20న, శతజయంతి సంవత్సరం మొదలైన రోజున, అన్నపూర్ణ స్టూడియోలో నాగేశ్వరరావు విగ్రహం వెలిసింది. వీధికో పేరు, కూడలికో విగ్రహం, హాలుకో స్మారకం.

సరే. సన్మానానికి మనవాళ్లు చూసే మొదటి అర్హత వయసు. 'కాలనీలో అందరికన్నా పెద్దవారు' అంటే చాలు, ముందు వరసలో కుర్చీ ఖాయం. ఆ లెక్కన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో అందరికన్నా పాత కాపురస్థులెవరు?

మద్రాసు నుంచి ముందుగా వచ్చినవాళ్లా? కాదు. 1960లలో ఇక్కడ హౌసింగ్ సొసైటీ పెట్టి, 'ఈ రాళ్లలో ఎవరుంటారు' అని జనం నవ్వుతుంటే ప్లాట్లు గీసిన చల్లగళ్ల నరసింహం వంటి వాళ్లా? వాళ్లూ కాదు. వాళ్లందరూ వచ్చేసరికే ఇక్కడ కొందరు కూర్చుని ఉన్నారు. ఇంకా కూర్చునే ఉన్నారు. వాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లు.

ఈ కొండల మీది రాళ్ల గురించే చెబుతున్నది.

ముత్తాతలకు ముత్తాత

250 కోట్లు అనేది నోటితో అనడానికి సులువు, ఊహకు అందడం కష్టం. భూమి పుట్టి సుమారు 450 కోట్ల ఏళ్లు. అంటే భూమి వయసులో సగానికి పైగా ఈ గుండ్లు చూశాయన్నమాట. హిమాలయాలు లేవడం మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్లు. డైనోసార్లు అంతరించి 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. మన జూబ్లీహిల్స్ రాయి ముందు హిమాలయం నిన్న మొన్నటి పసికూన!

ఇవి ఎవరో పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి ఎలా నిలబడ్డాయి? వరదకు కొట్టుకొచ్చాయా, భూకంపానికి దొర్లాయా అని చాలామందికి అనుమానం. ఎక్కడి నుంచీ రాలేదు. పుట్టినచోటే ఉన్నాయి. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం పైకి రాలేక లోతునే ఆగి, లక్షల ఏళ్లపాటు నింపాదిగా చల్లారి గ్రానైటుగా గట్టిపడింది. పైన కప్పుకుని ఉన్న పొరలు గాలికీ వానకూ అరిగిపోయాక ఇది బయటపడింది. మీది బరువు తగ్గేసరికి రాయి కాస్త వ్యాకోచించి బీటలు వారింది. అడ్డంగా, నిలువుగా, ఇటుకలు పేర్చిన గోడలా. ఆ బీటల్లోకి నీరు దిగింది. మూలలు మూడు వైపుల నుంచీ తడుస్తాయి కనక ముందు అరిగేవి అవే. ఉల్లిపొరలు ఊడినట్టు పొర వెంట పొర రాలిపోయి, పలకలుగా ఉన్న రాయి గుండ్రంగా తేలింది. మధ్యలోని మెత్తటి మట్టి వానలకు కొట్టుకుపోయింది. మిగిలింది గుండు మీద గుండు!

ఏనుగంత బండ నిమ్మకాయంత ఆధారం మీద నిలబడి ఉంటే 'ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడుతుంది' అనిపిస్తుంది. అలా అనుకునే కుతుబ్‌షాహీలు దాటిపోయారు, అసఫ్‌జాహీలు దాటిపోయారు. అది మాత్రం పడలేదు. పడేయడానికి డైనమైటు కావలసి వచ్చింది.

పేర్లలో మిగిలినవి

ఈ ఊరికి రాయితో ఉన్న చుట్టరికం తెలుసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. సిటీ బస్సు బోర్డులు చదివితే చాలు. జూబ్లీహిల్స్‌ను ఆనుకునే బోరబండ ఉంది. అటు దిగితే గుట్టల బేగంపేట. ఇంకాస్త ముందుకెళితే రాయదుర్గం. సికింద్రాబాద్ వైపు అడ్డగుట్ట, నల్లగుట్ట. ముషీరాబాద్ పక్కన రాంనగర్ గుండు. మేడ్చల్ దారిలో గుండ్లపోచంపల్లి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి. ఇక గోల్కొండ సంగతి సరేసరి, పేరులోనే కొండ ఉంది.

తెలుగువాడు రాతిని 'రాయి' అని ఒక్క మాటతో వదిలిపెట్టలేదు. చేత్తో విసరగలిగేది రాయి. ఒళ్లు విరుచుకుని పడుకున్నట్టు ఉండేది బండ. గుండ్రంగా నిలబడితే గుండు. కుప్పపోసినట్టు ఎత్తుగా ఉంటే గుట్ట. నాలుగు గుట్టలు కలిస్తే కొండ. వడ్లు ఎండబోసుకున్నది బండ మీద, పిల్లలు జారింది బండ మీద, పొద్దుపోయాక పెద్దలు కూర్చుని పంచాయతీ చెప్పింది బండ మీద. ఊరికి ఆనవాలు చెప్పాలంటే 'ఫలానా గుండు దాటాక ఎడమచేతి వైపు' అనేవాళ్లు. ఇప్పుడు అదే ఊళ్లో 'ఫలానా షోరూమ్ దాటాక యూటర్న్' అంటున్నాం. షోరూములు మూడేళ్లకోసారి మారిపోతాయి. గుండుకు ఆ ఇబ్బంది లేదు. ఆనవాలుగా పెట్టుకోవడానికి అదే నయం కదా!

ఇంట్లోకి పిలిచినవాళ్లు

రాయిని అడ్డంకిగా చూసినవాళ్లు కోకొల్లలు. చుట్టంగా చూసినవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ముందు చెప్పుకోవలసిన పేరు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. 1930లలో, నగరంలో ఉన్నవాళ్లెవరూ ఇటువైపు రావడానికి ఇష్టపడని రోజుల్లో, బంజారాహిల్స్ రాళ్ల మధ్య ఆయన ఇల్లు కట్టుకున్నారు. కొండను చదును చేసి కాదు, గుండ్లను అలాగే ఉంచి, వాటి సందుల్లో గుహలా అమరేటట్టు కట్టించారు. బంజారా భవన్ అని పేరు పెట్టుకున్నారు. ఈ కొండల్లో తండాలు వేసుకుని బతికిన బంజారాల పేరు అలా ఇంటికీ కొండకూ కూడా నిలిచింది. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ టాగూర్ ఈ కొండల మీదే బసచేశారు. ఇక్కడి రాళ్ల మీద ఓ కవిత రాశారు. దూరపు కొండలు నునుపు అంటారు, ఆ మహాకవి దగ్గరికి వచ్చి చూసి కూడా మెచ్చుకుని వెళ్లారు. మెహదీ నవాజ్ జంగ్ తర్వాత గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నర్ అయ్యారు. ఈవేళ ఆయన పేరు మనకు తెలిసింది మాత్రం ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి వల్ల.

రెండో పేరు నరేంద్ర లూథర్. పంజాబ్‌లోని హోషియార్‌పూర్‌లో పుట్టి, ఐఏఎస్ అధికారిగా ఇక్కడికి వచ్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ప్రధాన కార్యదర్శి అయి, హైదరాబాద్ చరిత్రను మనకన్నా ఎక్కువగా చదివి, మనకే తిరిగి చెప్పిన మనిషి. ఆయన బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకోబోతే స్థలంలో పెద్ద బండ ఉంది. అందరూ చేసే పని పగలగొట్టించడం. ఆయన ఆ బండను ఇంట్లో కలిపేసుకున్నారు. గోడలే దానికి దారి ఇచ్చాయి. వచ్చిన అతిథులు సోఫా కన్నా ముందు దాన్నే చూసేవాళ్లు. 'రాక్యుమెంటరీ' పేరుతో ఈ రాళ్ల పుట్టుక మీద చిత్రం కూడా తీశారాయన. 2021 జనవరిలో కన్నుమూశారు.

ఇంట్లో రాయి ఉంటే వేసవిలో చల్లగా ఉంటుందా, వాస్తుకు పనికొస్తుందా అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 250 కోట్ల ఏళ్లు ఒకేచోట కుదురుగా కూర్చున్న దానికన్నా మంచి వాస్తు ఎవరి ఇంటికి ఉంటుంది?

మూడో ఆదివారం నడక

1996లో హైదరాబాద్‌లో ఓ చిన్న సంఘం పుట్టింది. చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, పర్యావరణ ప్రేమికులు కొందరు కలిసి పెట్టుకున్నది. పేరు 'సొసైటీ టు సేవ్ రాక్స్'. రాళ్లను కాపాడే సంఘం అన్నమాట. పేరు వినగానే నవ్వు రావడం సహజం. పులులను కాపాడే సంఘాలున్నాయి, చెట్లను కాపాడేవి ఉన్నాయి. రాయిని ఎవరైనా ఏం చేస్తారని కాపాడటం? ఆ ప్రశ్న అడిగినవాళ్ల ఇంటి సెల్లారే దానికి జవాబు!

నరేంద్ర లూథర్ ఆ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. జర్మనీలో పుట్టి, హైదరాబాద్‌ను సొంతిల్లు చేసుకున్న ఫ్రావ్కే ఖాదర్ దశాబ్దాల పాటు దాని భారం మోశారు. ఇక్కడే పుట్టినవాళ్లకు కనిపించని అందం ఎక్కడో పుట్టి వచ్చిన ఇద్దరికి కనిపించింది. మనకు సిగ్గుగా ఉండాలో, సంతోషంగా ఉండాలో తెలియదు. రెండూ కాస్త కాస్త ఉంటేనే మంచిది.

ఈ సంఘం చేసే కార్యక్రమాల్లో వేదిక ఉండదు, జ్యోతి ప్రజ్వలన ఉండదు. నెలనెలా మూడో ఆదివారం రాళ్ల నడక. నగరం లోపలో శివార్లలోనో ఓ గుట్ట ఎంచుకుంటారు. ఎండ ఎక్కకుండా బయలుదేరతారు. పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు, అందరూ కలిసి రాళ్లెక్కుతారు. సీతాఫలం చెట్టు రాతి సందులో ఎలా వేళ్లు దించుకుందో చూస్తారు. వాననీరు ఏ బీటలోంచి దిగి ఏ కుంటలోకి చేరుతుందో చూస్తారు. మధ్యలో కూర్చుని తెచ్చుకున్నది తిని ఇంటికి వెళతారు. ఫొటోల ప్రదర్శనలు, బడిపిల్లలకు పాఠాలు, అధికారులకు అర్జీలు మిగతా పని. అంతే. ఆర్భాటం లేదు.

కానీ సన్మానం అంటే ఇంతకన్నా ఏముంటుంది? ఒకరి దగ్గరికి వెళ్లడం, కాసేపు పక్కన కూర్చోవడం, వారి కథ వినడం, పదిమందికీ చెప్పడం. శాలువా, జ్ఞాపిక ఆ తర్వాతి సంగతులు.

బిరుదు ఇచ్చారు, తర్వాత?

ఈ పెద్దలకు ప్రభుత్వం కూడా ఒకప్పుడు బిరుదు ఇచ్చింది. చారిత్రక కట్టడాలను కాపాడటానికి 1995లో హుడా నిబంధనలు తెచ్చింది. ఆ వారసత్వ జాబితాలోకి తర్వాత రాళ్లను కూడా చేర్చారు. మనిషి కట్టినవాటితో పాటు ప్రకృతి కట్టినవాటికీ చోటు దొరికింది. తొమ్మిది శిలా సమూహాలకు పేర్లు పెట్టి మరీ జాబితాకెక్కించారు. వాటిలో నాలుగు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లవే. జూబ్లీహిల్స్‌లోని 'క్లిఫ్ రాక్', 'ఒబెలిస్క్', బ్లూక్రాస్ పక్కనున్న 'టోడ్‌స్టూల్', ఫిల్మ్‌నగర్ దగ్గరి 'మాన్‌స్టర్ రాక్'. మిగిలినవి దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, శిల్పారామంలోని 'బేర్స్ నోస్', పాత బొంబాయి రోడ్డులో హుస్సేన్ షా వలీ దర్గా దగ్గరి 'రాక్ పార్క్', హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని 'మష్రూమ్ రాక్', మౌలాలి దగ్గరి 'సెంటినెల్ రాక్'.

పేర్లన్నీ ఇంగ్లీషువే. పుట్టగొడుగు గుండు, ఎలుగుముక్కు, కావలిరాయి అని పిలుచుకుంటే ఎవరొద్దన్నారు? ఫిల్మ్‌నగర్ దగ్గరి ఆ మాన్‌స్టర్‌కు 'రాకాసి గుండు' అంటే ఎంత నిండుగా ఉంటుంది! ఎంతమంది హీరోలకు ఎన్ని బిరుదులు కనిపెట్టిన పేట ఇది! పక్కనున్న రాయికి ఒక్క తెలుగు పేరు దొరకలేదు.

బ్లూక్రాస్ ప్రస్తావన వచ్చింది కనక ఓ మాట. 1992లో అక్కినేని అమల చొరవతో మొదలైన ఆ సంస్థ నోరులేని మూగజీవాలకు ఆసరా. దాని పక్కనే నోరే కాదు, ప్రాణం కూడా లేదని మనం అనుకునే గుండు. ఈ రెండూ ఇరుగుపొరుగు కావడం ఎవరూ రాయని స్క్రిప్టు!

బిరుదు వచ్చింది బాగుంది. బిరుదుకు కాపలా ఏది? సినిమావాళ్లకు తెలిసిన కథే ఇది. సన్మానం రోజున 'మా గుండెల్లో మీరున్నారు' అన్నవాళ్లు మర్నాడు ఫోనెత్తరు. 2015లో ఆ పాత నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాయితాలు ఇలా చేతులు మారుతున్న కాలంలో రాళ్ల చుట్టూ గోడలు లేచాయి, గేట్లు పడ్డాయి, భవనాలు వచ్చాయి. ఒకప్పుడు రోడ్డు మీది నుంచి కనబడిన గుండును ఇప్పుడు ఎవరి మేడ వెనకో వెతుక్కోవాలి. జాబితాలో పేరున్నవాటికే ఇలా ఉంటే, పేరు లేనివాటి మాట అడగక్కర్లేదు. లారీలకెక్కి కంకరయ్యాయి.

2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం దేశమంతా విన్నది. విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపమంది. నెమళ్లు, జింకలు, చెట్లతో పాటు ఆ చర్చలో మష్రూమ్ రాక్ పేరు కూడా వినిపించింది. చాలామంది హైదరాబాదీలు ఆ గుండు పేరు వినడం అదే మొదటిసారి. చెట్టును నరికితే కన్నీళ్లొస్తాయి, జింక బెదిరితే జాలేస్తుంది. రాయి అరవదు, పరిగెత్తదు. టీవీ కెమెరాకు అది మంచి నటి కాదు. అయినా ఒక మాట ఆలోచించండి. నరికిన చెట్టు చోట మరో మొక్క నాటొచ్చు. మన మనవల కాలానికి నీడ ఇస్తుంది. పేల్చిన గుండును మళ్లీ ఎక్కడ నాటుతాం? దానికి 250 కోట్ల ఏళ్లు ఆగాలి.

ఇంకో సంగతి. 2022 జనవరిలో మన హైదరాబాద్‌లోనే, ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో, ఆరుబయట రాళ్ల మ్యూజియం మొదలైంది. దేశం నలుమూలల నుంచి తెచ్చిన 35 రకాల రాళ్లను అక్కడ వరసగా నిలబెట్టి వివరాలు రాసిపెట్టారు. మంచిపని. పిల్లల్ని తీసుకెళ్లి చూపించాలి. ఎక్కడెక్కడి రాళ్లనో బండ్లకెక్కించి తెచ్చి మ్యూజియంలో పెట్టుకుంటున్న ఊళ్లోనే, పుట్టినచోట ఉన్న రాళ్లను బండ్లకెక్కించి క్రషర్‌కు పంపుతున్నాం!

రాయి కొట్టిన చేతులు

ఇక్కడ రెండోవైపు కూడా మాట్లాడుకోవాలి. లేకపోతే ఇది కడుపు నిండినవాడి ముచ్చటైపోతుంది.

ఈ ఊరు కట్టింది రాయితోనే. గోల్కొండ గోడ రాయిది, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ రాయిది, మన తాతల ఇళ్ల పునాది రాయిది. ఆ రాయిని కొట్టిన చేతులు వడ్డెరలవి. సమ్మెట, ఉలి, ఇనప మేకు వాళ్ల ఆస్తి. బండ మీద వేలితో తట్టి, అది ఎటు పగులుతుందో చెప్పగల విద్య వాళ్లది. వరసగా గుంటలు తొలిచి, మేకులు దిగ్గొట్టి, తూకంగా కొడితే బండ గీత గీసినట్టు చీలుతుంది. జూబ్లీహిల్స్‌లో రోడ్లు పడినా, ఫిల్మ్‌నగర్‌లో స్టూడియోలు లేచినా ముందు నడిచింది ఆ సమ్మెటే. ఆ పని చేసినవాళ్ల పిల్లలు అదే కొండల వాలున, బస్తీల్లో, రాళ్లను ఆనుకునే గుడిసెలు వేసుకుని పెరిగారు. వాళ్ల దగ్గరికెళ్లి 'రాయిని కొట్టొద్దు' అని చెప్పే హక్కు, రాయిని కొట్టించి మేడ కట్టుకున్నవాడికి ఉందా?

లేదు. కానీ లెక్క సరిగ్గా వెయ్యాలి. చేత్తో కొట్టిన కాలంలో ఒక గుట్ట కరగడానికి తరాలు పట్టేది. కొట్టేవాడికి ఏ బండ జోలికి పోకూడదో కూడా తెలుసు. పోచమ్మ గుండును ముట్టుకునేవాడు కాదు, నీటిచెలమ పక్క బండను కదిలించేవాడు కాదు. యంత్రం వచ్చాక ఆ విచక్షణ పోయింది. కొండ కరగడానికి నెలలు చాలు. పోయింది రాయి ఒక్కటే కాదు, రాయి కొట్టేవాడి కూలి కూడా యంత్రమే పట్టుకుపోయింది. రాళ్ల సంఘానికీ వడ్డెరకూ తగువు ఉందనుకోవడం పొరపాటు. ఇద్దరూ పోగొట్టుకున్నది ఒకేచోట.

మరి కాలనీలో పెద్దలను సన్మానించే రోజున, ఈ చుట్టుపక్కల బస్తీలో ఉలి పట్టి ముసలివాడైన ఒక్కరికైనా కుర్చీ వేశామా? స్టూడియో కట్టించినవారి ఫొటో ఉంది. కట్టిన చేతులకూ ఓ శాలువా బాకీ ఉంది.

ఏం చెయ్యొచ్చు?

పెద్ద పెద్ద మాటలు వద్దు. కాలనీ సంఘం చేతిలో ఉన్నవే చూద్దాం.

ఇల్లు కట్టేవాళ్లు ప్లాట్‌లో గుండు ఉంటే మొదట ఆర్కిటెక్ట్‌ను అడగండి, పేల్చేవాడిని తర్వాత పిలవండి. మూలనున్న బండ తోటకు అందం. మధ్యలో ఉన్న బండ మెట్లకు ఆసరా. బంజారా భవన్, లూథర్ ఇల్లు అలా కట్టినవే. రాయిని ఉంచితే పేల్చే ఖర్చూ మిగులుతుంది, పక్కింటివాళ్ల గోడా బీటలు వారదు.

పార్కులో ఉన్న రాళ్లకు రంగులు పూయడం, వాటిమీద ప్రకటనలు రాయడం మానేస్తే అదే పెద్ద సేవ. కేబీఆర్ పార్కులో రాళ్లు ఈవేళ దర్జాగా ఉన్నాయంటే 1998లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించి కంచె వేయడం వల్లే. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలిపెడితే ఎలా ఉంటుందో చూడాలంటే పొద్దున్నే అక్కడ ఓ చుట్టు నడవండి. సీతాఫలం పొదల మధ్య గుండు మీద నెమలి నిలబడి కనిపిస్తే, ఫిల్మ్‌నగర్‌లో ఏ సెట్టింగూ దానికి సాటి రాదు.

గుండు దగ్గర చిన్న పలక పెట్టండి. పేరు, వయసు, ఎలా పుట్టింది, నాలుగు వాక్యాలు. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. ఎవరి పక్కన బతుకుతున్నాడో తెలిస్తే మనిషి కాస్త మర్యాదగా ఉంటాడు. పలకలేని గుండు ఖాళీ స్థలం కింద లెక్క. పలక ఉన్నది పెద్దమనిషి.

నీళ్ల సంగతి కూడా మర్చిపోవద్దు. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు నిండింది ఈ గుట్టల మీద పడిన వానతోనే. రాతి బీటల్లోంచి దిగిన నీరు నింపాదిగా కిందికి చేరేది. ఇప్పుడు గుట్టలు పోయి సిమెంటు వచ్చాక అదే నీరు ఒక్క గంటలో రోడ్డు మీదికొచ్చి కార్లను ముంచుతోంది. జూబ్లీహిల్స్ ఎత్తులో కొన్న బోరుకు నీళ్లు పడకపోవడానికీ, పల్లంలో ఉన్న బస్తీ ఇంట్లోకి నీళ్లు రావడానికీ కారణం ఒకటే. రాయి అందం కోసమే కాదు, అది పోతే మన అందరి కొంపలకూ చేటు.

చివరగా సన్మానాల మాట. ఏటా ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం వస్తుంది. పెద్ద పెద్ద కోటల దగ్గర, మ్యూజియాల్లో సభలు జరుగుతాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కాలనీ సంఘాలు ఆ రోజున ఏసీ హాలు మానేసి, పొద్దున్నే ఓ గుండు దగ్గర చేరితే ఎలా ఉంటుంది? తెర వెనక పనిచేసిన ఒక పాతకాలపు లైట్‌మన్, ఉలి పట్టిన ఒక వడ్డెర తాత, ఈ రాళ్ల కోసం తిరిగిన ఒక సంఘం మనిషి. ముగ్గురికీ ఆ బండ మీదే కూర్చోవడానికి చోటిచ్చి, ముగ్గురి కథలూ బడిపిల్లలకు వినిపిస్తే? కుర్చీలు అద్దెకు తేవక్కర్లేదు. మైకు అక్కర్లేదు. వత్తి ఆరిపోతుందన్న బెంగ లేదు, సూర్యుడే ఉన్నాడు.

గుండుకు శాలువా కప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. కప్పినా జారిపోదు, ఫొటో కోసం మళ్లీ కప్పక్కర్లేదు. బదులుగా అది అడిగేది ఒక్కటే. వచ్చే ఏడాది ఇదే రోజున మీరు తిరిగొచ్చేసరికి దాన్ని ఇక్కడే ఉండనివ్వమని.